40 ఏళ్ల కంప్యూటర్, ఆరుతూ వెలిగే ఎర్ర స్క్రీన్: ఎనిమిది చిప్పుల్లో పోయింది ఏది?

ఇవాళ నా టేబుల్ మీద ఉన్న ఈ నల్ల డబ్బా చూడండి. రబ్బరు బటన్లు, కుడివైపు మూలన రంగుల చారలు. ఇది కీబోర్డ్ మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు, మొత్తం కంప్యూటరే ఇది. పేరు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ కంపెనీ 1982లో విడుదల చేసింది. లోపల జెడ్80 ప్రాసెసర్, 3.5 మెగాహెర్ట్జ్. ర్యామ్ 48 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా ఇందులో పట్టదు.

ఇది మా పెదనాన్నది. ఆయన 1984లో ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నారు. తర్వాత ఇండియాకి తెచ్చుకున్నారు. చాలా ఏళ్లు అటక మీదే ఉంది. పోయిన నెల ఫోన్ చేసి, "ఏరా, నువ్వు పాత కంప్యూటర్లు బాగుచేస్తావట కదా, నాదీ ఒకసారి చూడు. క్యాసెట్లో మీ అక్క కోసం రాసిన ప్రోగ్రామ్ ఉంది, దాన్ని ఒక్కసారి చూడాలని ఉంది" అన్నారు.

సరే అన్నా. కానీ నిజం చెప్తా, కాస్త భయం వేసింది. ఎందుకంటే నేను మొదటిసారి కొన్న స్పెక్ట్రమ్‌ని నా చేతులతో నేనే చంపా. ఆ కథ మధ్యలో చెప్తా. దాంట్లోంచి నేర్చుకున్నదే ఇవాళ్టి ఎపిసోడ్: స్క్రీన్ ఏం చెప్తోందో పూర్తిగా చదివాకే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయాలి.

ముందు పవర్. ఇది చాలామంది తప్పు చేసే చోటు. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టుల డీసీ కావాలి. అడాప్టర్ పిన్నులో మధ్యలో నెగటివ్, బయట పాజిటివ్ ఉండాలి. మన ఇళ్లలో ఉండే రౌటర్ అడాప్టర్లు, సీసీ కెమెరా అడాప్టర్లు దాదాపు అన్నీ దీనికి రివర్స్. పిన్ను సైజు సరిపోయింది కదా అని గుచ్చితే అంతే సంగతులు. నేను 9 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ తీసుకుని, వైర్ కట్ చేసి, తిరగేసి అతికించి, మల్టీమీటర్‌తో రెండుసార్లు చూసుకున్నాకే పెట్టా.

తర్వాత టీవీ. ఈ కంప్యూటర్ వెనక ఉన్న సాకెట్‌లోంచి వచ్చేది మామూలు వీడియో కాదు. యాంటెనా సిగ్నల్. అంటే ఇది ఒక బుల్లి టీవీ స్టేషన్ లాగా యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్‌లో ప్రసారం చేస్తుంది. మా ఎల్‌ఈడీ టీవీలో అనలాగ్ ట్యూనింగ్ పెట్టి వెతికా. చుక్కలు తప్ప ఏమీ దొరకలేదు. "వీడియో అవుట్‌పుట్ పోయింది" అని ఇక్కడే తీర్పు ఇచ్చేయచ్చు. కానీ పోయింది కంప్యూటరా, ఆ ట్రాన్స్‌మిటరా, మన టీవీ ట్యూనరా? మూడింటిలో ఏదైనా కావచ్చు. కాబట్టి మధ్యలో ఉన్న అనుమానితుల్ని తప్పించాలి.

మూత తీశా. ఇక్కడ జాగ్రత్త. కీబోర్డ్ నుంచి బోర్డుకి రెండు పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్లు ఉంటాయి. నలభై ఏళ్లలో ఎండిపోయి అప్పడాల్లా తయారవుతాయి. మడిస్తే విరుగుతాయి. నిటారుగా, మెల్లగా పైకి లాగాలి.

లోపల ఒక రేకు డబ్బా ఉంది. దాన్ని మాడ్యులేటర్ అంటారు. దాంట్లోకి రెండు వైర్లు వెళ్తాయి. ఒకటి 5 వోల్టులు, ఇంకోటి అసలైన వీడియో సిగ్నల్, అదే కాంపోజిట్ వీడియో. నేను ఆ రెండూ విడదీసి, లోపల సాకెట్‌కి ఉన్న పాత కనెక్షన్ తీసేసి, వీడియో వైర్‌ని నేరుగా సాకెట్ మధ్య పిన్నుకి ఇచ్చా. ఇప్పుడు మామూలు ఏవీ కేబుల్‌తో టీవీ పసుపు జాక్‌లో పెట్టొచ్చు. ఇంగ్లండ్‌లోనూ మన దగ్గరా రంగుల టీవీ పద్ధతి ఒకటే, పాల్. అందుకే రంగులు కూడా వస్తాయి. ఏదీ కోసి పారేయలేదు. కావాలంటే మళ్లీ పాతలా పెట్టేయొచ్చు. పెదనాన్న వస్తువు కదా.

ఆన్ చేశా. బొమ్మ వచ్చింది! కానీ ఏం బొమ్మ? చుట్టూ తెల్ల అంచు. మధ్యలో నల్ల స్క్రీన్ మీద సన్నటి ఎర్ర నిలువు గీతలు. కన్నుమూసి తెరిచేలోపు తిరగబడి ఎర్ర స్క్రీన్ మీద నల్ల గీతలు. మళ్లీ నలుపు, మళ్లీ ఎరుపు. ఆంబులెన్స్ లైట్ లాగా అలా ఆడుతూనే ఉంది. అసలు రావాల్సింది ఏంటంటే, తెల్ల స్క్రీన్ మీద కింద ఒక్క లైను, 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అనే కాపీరైట్ మెసేజ్. అది రాలేదు.

పది సెకన్లు ఉంచి, ఫోన్‌లో స్లో మోషన్‌లో వీడియో తీసి, వెంటనే ఆఫ్ చేశా. ఈ టిప్ గుర్తుపెట్టుకోండి. చెడిపోయిన మెషీన్‌ని ఆన్‌లో పెట్టి ఆలోచించకూడదు. వీడియో తీసుకుని, ఆఫ్ చేసి, వీడియో చూస్తూ ఆలోచించాలి.

ఇప్పుడు ఆ వీడియో చదువుదాం. ముందు మంచి వార్తలు. బొమ్మ కదలకుండా నిలబడింది, రంగు వచ్చింది. అంటే వీడియో సర్క్యూట్ పనిచేస్తోంది. యూఎల్‌ఏ అనే పెద్ద చిప్ ఉంటుంది. స్క్రీన్ బొమ్మ గీసేది అదే. అది స్పెక్ట్రమ్ కోసమే ప్రత్యేకంగా చేయించిన చిప్, బజారులో మామూలుగా దొరకదు. అది బతికే ఉంది, హమ్మయ్య. అంచు తెల్లగా ఉంది. ఆ అంచుని తెల్లగా చేయమని చెప్పేది రామ్‌లో ఉన్న ప్రోగ్రామ్. రామ్ అంటే ఆర్, ఓ, ఎం, శాశ్వత మెమరీ. ర్యామ్‌తో కలిపేసుకోకండి. అంచు తెలుపైందంటే ప్రాసెసర్ కనీసం మొదటి అడుగులు వేసింది.

మరి ఎర్ర గీతలు? ఇక్కడే అసలు మజా. మంచి స్పెక్ట్రమ్‌లో కూడా ఎర్ర గీతలు వస్తాయి! ఆన్ చేయగానే అది తన ర్యామ్ మొత్తాన్ని పరీక్షించుకుంటుంది. ప్రతి బైట్‌లోనూ 2 అనే అంకె రాస్తుంది. తర్వాత ఒక్కో బైట్ నుంచి ఒకటి తీసేసి, మళ్లీ ఒకటి తీసేసి, సున్నా అయిందా అని చూస్తుంది. సున్నా అయితే ఆ బైట్ ఓకే. కాకపోతే మెమరీ అక్కడితో అయిపోయింది అనుకుంటుంది.

స్క్రీన్ మీద కనిపించేది కూడా ర్యామే. 16384వ చిరునామా నుంచి 6912 బైట్లు స్క్రీన్ కోసమే. వాటిలో 6144 బైట్లు చుక్కలు, అంటే పిక్సెళ్లు. మిగతా 768 బైట్లు రంగులు. స్క్రీన్‌ని అడ్డంగా 32, నిలువుగా 24 గళ్లుగా విడగొట్టి, గడికో రంగు బైట్ ఇచ్చారు. ఆ రంగు బైట్‌లో చివరి మూడు బిట్లు గీత రంగు, వాటి ముందు మూడు బిట్లు కాగితం రంగు, ఇంకో బిట్ బ్రైట్, మొట్టమొదటి బిట్ ఫ్లాష్. ఫ్లాష్ ఒకటైతే గీత రంగు, కాగితం రంగు ఒకదానికొకటి మారుతూ ఉంటాయి.

ఇప్పుడు లెక్క చేయండి. అన్ని బైట్లలోనూ 2 ఉంది. 2 అంటే బైనరీలో 00000010. చుక్కల బైట్‌లో అయితే ప్రతి ఎనిమిది చుక్కల్లో ఒకటే వెలుగుతుంది. స్క్రీన్ అంతా చూస్తే నిలువు గీతలు. రంగుల బైట్‌లో అయితే 2 అంటే ఎరుపు గీత, నల్ల కాగితం. అందుకే నలుపు మీద ఎర్ర గీతలు. మంచి మెషీన్‌లో ఇది కాసేపే ఉండి పోతుంది. మనది అక్కడే ఇరుక్కుపోయింది. అంటే ర్యామ్ పరీక్ష ఫెయిల్.

కానీ మన స్క్రీన్ ఫ్లాష్ అవుతోంది. 2లో ఫ్లాష్ బిట్ సున్నా కదా! ఎవరు దాన్ని ఒకటి చేశారు?

ఫోన్ వీడియో జూమ్ చేసి చూశా. ఒక్కో గడిలో ఒక్క గీత ఉండాలి. రెండున్నాయి. రెండోది గడికి ఎడమ చివర ఉంది. ఎడమ చివర అంటే మొదటి బిట్, డీ7. రంగు బైట్‌లో అదే బిట్ ఫ్లాష్. గీత, ఫ్లాష్, ఇద్దరు సాక్షులు, ఇద్దరూ ఒకే పేరు చెప్తున్నారు. 00000010 రాయమంటే మెమరీలోంచి 10000010 వస్తోంది. డీ7 బిట్ ఎప్పుడూ ఒకటి దగ్గరే అతుక్కుపోయింది.

ఇక్కడ బోర్డు డిజైన్ మనకి భలే సాయం చేస్తుంది. స్క్రీన్ ఉన్న ఆ 16 కిలోబైట్ల ర్యామ్ ఒకే చిప్ కాదు. 4116 అనే చిప్పులు ఎనిమిది వరుసగా ఉంటాయి. ఒక్కో చిప్ ప్రతి బైట్‌లోంచి ఒక్క బిట్ మాత్రమే దాచుకుంటుంది. అంటే ఒక బిట్ పోయిందంటే అనుమానం మొదట ఒక్క చిప్ మీదకే వెళ్తుంది.

మీ దగ్గర ఉన్నదాంట్లో వేరే బిట్ ఒకటి దగ్గర అతుక్కుంటే ఎలా కనిపిస్తుందో కూడా చెప్తా. డీ0 అయితే గీతలు ఎరుపు బదులు మజెంటా, ఎందుకంటే ఎరుపుకి నీలం కలుస్తుంది. డీ2 అయితే ఎరుపు, ఆకుపచ్చ కలిసి పసుపు గీతలు. డీ3 అయితే కాగితం నీలం. డీ4 అయితే కాగితం కూడా ఎరుపే, గీతలే కనిపించవు, స్క్రీన్ అంతా ఎర్రగా ఉంటుంది. డీ5 అయితే ఆకుపచ్చ కాగితం. డీ6 అయితే ఎరుపు ఇంకాస్త కాంతిగా. కాబట్టి "గీతలొస్తున్నాయి బ్రో" అని మాత్రమే కామెంట్ పెట్టకండి. ఏ రంగు, గడికి ఎన్ని, ఎటువైపు, ఇవి చెప్పండి.

ఇంతవరకు ఖర్చు సున్నా. ఇప్పుడు నా పాత పాపం చెప్తా. నా మొదటి స్పెక్ట్రమ్‌కి కూడా ఇలాగే ర్యామ్ పోయిందని తెలిసింది. ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. చిప్పులు తీసేసి కొత్తవి పెట్టేశా. ఆన్ చేశా. కాసేపటికి కొత్తవి కూడా పోయాయి. ఎందుకో తెలుసా? 4116 మామూలు చిప్ కాదు. దానికి మూడు వోల్టేజీలు కావాలి: +12, +5, ఇంకా −5. ఆ బోర్డులో −5 రావట్లేదు. −5 లేకుండా +12 ఇస్తే ఈ చిప్ పాడైపోతుంది. అసలు రోగం పవర్‌లో ఉంటే, నేను దాని బాధితుల్ని మారుస్తూ కూర్చున్నా. మిగిలిన హడావిడిలో బోర్డు మీద రాగి గీతలు కూడా లేపేశా. అది ఇప్పటికీ నా అల్మారాలో శవంలా ఉంది.

అందుకే ఈసారి చిప్ ముట్టుకునే ముందు వోల్టేజీలు. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి. 4116లో 1వ పిన్నులో −5, 8వ పిన్నులో +12, 9వ పిన్నులో +5, 16వ పిన్ను గ్రౌండ్. మామూలు 16 పిన్నుల చిప్పుల్లో 16వ పిన్ను అంటే +5, ఇక్కడ అది గ్రౌండ్. అలవాటు కొద్దీ పొరపాటు పడొద్దు. ఇంకోటి, 8వ పిన్ను పక్కనే 7వ పిన్ను అడ్రస్ లైన్. ప్రోబ్ జారి రెండూ కలిస్తే 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్తాయి. ఆ యూఎల్‌ఏ కూడా పోవచ్చు. నేను ప్రోబ్ మొన తప్ప మిగతాదానికి టేప్ చుట్టేశా. ఊపిరి బిగబట్టి చూశా. మూడూ కరెక్ట్‌గా ఉన్నాయి. అంటే ఈ ఇంట్లో కరెంటు బాగుంది, దొంగ ఒక్కడే.

ఆ ఒక్కడు ఎనిమిదిలో ఎవడు? వేలు పెట్టి వేడి చూశా, అన్నీ ఒకేలా ఉన్నాయి. పాడైన చిప్ ఒక్కోసారి కాలిపోతూ దొరికిపోతుంది, వీడు దొరకలేదు. అప్పుడు పవర్ పూర్తిగా తీసేసి ఓమ్స్ మోడ్ పెట్టా. జెడ్80 ప్రాసెసర్‌లో డీ7 అంటే 13వ పిన్ను. ప్రాసెసర్‌కీ ఈ ర్యామ్‌కీ మధ్య ఒక్కో డేటా లైన్‌లో 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. యూఎల్‌ఏ బొమ్మ కోసం ర్యామ్ చదువుతున్నప్పుడు ప్రాసెసర్ అడ్డం రాకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు అది. కాబట్టి ఒక ప్రోబ్ 13వ పిన్ను మీద పెట్టి, రెండోది ఒక్కో ర్యామ్ చిప్ 14వ పిన్ను మీద పెడుతూ వెళ్లా. ఎక్కడ 470కి దగ్గరగా చూపిస్తే అదే డీ7 చిప్. వరుసలో చివరి చిప్ దగ్గర వచ్చింది. ఇంకోసారి చేశా. అదే. దాని మీద మార్కర్‌తో చుక్క పెట్టా.

చిప్ కోసం కోఠి గుజరాతీ గల్లీ మొత్తం తిరిగా. ఒక షాపులో అంకుల్ "4116 ఆ? అది నా పెళ్లికి ముందు అమ్మా బాబూ" అన్నారు. చివరికి ఆన్‌లైన్‌లో పాత స్టాక్ నాలుగు తెప్పించా.

తీసే పద్ధతి. చిప్‌ని కాపాడుకోవాలని చూడొద్దు, బోర్డుని కాపాడండి. చిన్న కట్టర్‌తో చిప్ కాళ్లన్నీ పైనే కట్ చేశా. శరీరం వచ్చేసింది. తర్వాత ఒక్కో కాలుని వేడి చేసి ట్వీజర్‌తో లాగా. పదహారు కాళ్లు, పదహారు సార్లు. లాగితే రాకపోతే బలం కాదు, ఇంకాస్త కొత్త సోల్డర్ పెట్టి మళ్లీ వేడి. రంధ్రాల్లో మిగిలింది పంపుతో పీల్చా. కొత్త చిప్ నేరుగా అతికించలేదు, సాకెట్ పెట్టా. రేపు మళ్లీ పోతే రెండు నిమిషాల పని. చిప్ గుచ్చే ముందు సాకెట్‌లో మూడు వోల్టేజీలు మళ్లీ చూశా. నవ్వుకోండి, పర్లేదు.

ఆన్ చేశా. తెల్ల అంచు. నలుపు మీద ఎర్ర గీతలు. గడికి ఒకటే! ఫ్లాష్ లేదు. ఆ తర్వాత గీతలు మాయమై స్క్రీన్ తెల్లబడింది, కింద కాపీరైట్ లైను వచ్చింది. రాత్రి ఒంటిగంటకి మా ఇంట్లో నేను వేసిన కేకకి అమ్మ లేచి వచ్చింది.

ఇక క్యాసెట్. ముందు దాన్ని ఫోన్‌లోకి రికార్డు చేశా, ఎందుకంటే పాత టేప్ ఎన్నిసార్లు తిరుగుతుందో గ్యారంటీ లేదు. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి వైరు. మొదటిసారి టేప్ లోడింగ్ ఎర్రర్. వాల్యూమ్ పెంచి మళ్లీ చేశా, మళ్లీ ఎర్రర్. టేప్ రికార్డర్ హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ కాస్త తిప్పి, శబ్దం స్పష్టంగా వచ్చేలా చేసి, మళ్లీ రికార్డు చేశా. మూడోసారి లోడ్ అయింది.

అది ఎక్కాల ప్రోగ్రామ్. రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా ప్రశ్నలు అడుగుతుంది. కానీ పైన అక్క పేరు తెలుగులో ఉంది! స్పెక్ట్రమ్‌లో తెలుగు ఫాంట్ ఎక్కడిది? దాంట్లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలు 21 ఉంటాయి, ఒక్కోటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. పెదనాన్న గళ్ల కాగితం మీద మన గుండ్రటి అక్షరాలు గీసుకుని, ఒక్కో అక్షరానికి నాలుగు గళ్లు వాడి, ఒక్కో వరసని సున్నాలు ఒకట్లుగా టైప్ చేశారు.

వీడియో కాల్ చేసి చూపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ రెండో అక్షరం తలకట్టు కాస్త వంకర పోయింది, అప్పుడే సరిచేద్దామనుకున్నా" అన్నారు. నేను ముట్టుకోలేదు పెదనాన్నా, అలాగే ఉంచా అన్నా. మెషీన్ వచ్చే ఆదివారం వాళ్లింటికి వెళ్తోంది. సరిచేయాలో వద్దో ఆయనే చూసుకుంటారు.

వెళ్లేముందు ఒక మాట. మన దేశంలో కూడా పుణె కంపెనీ ఒకటి 1980ల చివర్లో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో ఇదే కంప్యూటర్ అమ్మింది. మీ ఇంటి అటక మీద కూడా ఉండొచ్చు. దొరికితే వెంటనే ఆన్ చేయకండి. ముందు అడాప్టర్ పిన్ను కొలవండి. ఆన్‌లో ఉండగా వెనక ఎడ్జ్ కనెక్టర్‌లో ఏదీ పెట్టొద్దు, తీయొద్దు, పవర్ సర్క్యూట్ ట్రాన్సిస్టర్ పోతుంది, దాంతో ర్యామ్ పోతుంది. పది సెకన్లు ఆన్ చేసి స్లో మోషన్‌లో వీడియో తీసి, ఆఫ్ చేసి, ఆ వీడియో నాకు పంపండి. గీతలు ఏ రంగులో ఉన్నాయో కలిసి చదువుదాం.